సన్నబడ్డ పిత్తనాళానికి ఏడాది వైద్యం

కాలేయంలో తయారైన పిత్తరసం చిన్నపేగులోకి దిగే గొట్టమే పిత్తనాళం. పెద్దవాళ్లలో దీని వెడల్పు మామూలుగా 6 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. ఇందులో ఒకచోట మచ్చకట్టి దారి ముడుచుకుపోతే దాన్ని స్ట్రిక్చర్ అంటారు. కాన్సర్ వల్ల కాకుండా వచ్చిన స్ట్రిక్చర్‌ని కడుపు కోయకుండానే బాగుచేయొచ్చు. నోటి గుండా ఎండోస్కోప్ పంపి, నాళాన్ని బెలూన్‌తో సాగదీసి, స్టెంట్లు అనే చిన్న గొట్టాలు పెడతారు. ఈ పద్ధతిని ఈఆర్‌సీపీ అంటారు. ఎక్కువమందికి దీంతో నయమవుతుంది. కాకపోతే స్టెంట్ పెట్టిన రోజుకు వైద్యం మొదలైనట్టే లెక్క. అది పూర్తవడానికి చాలామందికి దాదాపు ఏడాది పడుతుంది.

ఈ సంగతి రోగికీ ఇంట్లోవాళ్లకూ మొదటిరోజే అర్థం కావాలి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వైపు నుంచి వచ్చేవాళ్లలో మేం చూసినంతలో వైద్యం చెడేది ఎండోస్కోపీ గదిలో కన్నా ఇంటికి వెళ్లాకే ఎక్కువ. కామెర్లు తగ్గుతాయి, ఆకలి పుడుతుంది, పనుల్లో పడతారు, స్టెంట్ మార్చుకోవాల్సిన తారీఖు దాటిపోతుంది. ఆ తర్వాత ఒక రాత్రి చలిజ్వరంతో, పడిపోయిన బీపీతో దవాఖానకు వస్తారు. కింద రాసిందంతా ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడానికే.

నాళం ఎందుకు సన్నబడుతుంది

మొదటి కారణం పిత్తాశయం ఆపరేషన్. ల్యాప్రోస్కోపీలో పిత్తాశయం తీసేటప్పుడు వెయ్యిమందిలో సుమారు ముగ్గురి నుంచి ఆరుగురికి పిత్తనాళానికి దెబ్బ తగులుతుంది. క్లిప్పు పక్కకు పడొచ్చు, నాళమే తెగొచ్చు, కరెంటు పరికరం వేడికి నాళం గోడకు రక్తం అందించే సన్నని రక్తనాళాలు మాడిపోవచ్చు. క్లిప్పు పడితే కొన్ని రోజుల్లోనే తెలిసిపోతుంది. వేడి వల్ల తగిలిన దెబ్బ నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అందుకే "ఆపరేషన్ అయ్యి రెండేండ్లయింది, దానికీ దీనికీ ఏం సంబంధం" అనుకోవద్దు.

రెండోది దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్, అంటే క్లోమం (పాంక్రియాస్) చాలాకాలంగా వాచి ఉండటం. పిత్తనాళం చివరి భాగం క్లోమం తలలోంచి పోతుంది. క్లోమం వాచి గట్టిపడితే నాళాన్ని చుట్టూ బిగిస్తుంది. గుడుంబా, బ్రాందీ ఏళ్ల తరబడి తాగినవాళ్లలో ఇది తెలిసిందే. అసలు తాగుడు అలవాటే లేని యువతీయువకుల్లో కూడా మన దేశంలో క్లోమంలో రాళ్లు, షుగర్, నడివీపులోకి పోటు కలిసి వచ్చే రకం ఉంది. కాబట్టి తాగుబోతు జబ్బు అని ముద్రవేసి ఆలస్యం చేయకూడదు.

కాలేయ మార్పిడిలో నాళాలు కుట్టినచోట మచ్చకట్టడం మూడో కారణం. ఇవి కాక నాళంలో చాలాకాలం ఉండిపోయిన రాళ్లు, ఐజీజీ4 అనే రోగనిరోధక జబ్బు, పిత్తనాళాలు వాచి మచ్చకట్టే ప్రైమరీ స్క్లిరోసింగ్ కొలాంజైటిస్, టీబీ గడ్డలు కూడా ఇదే పని చేస్తాయి. వీటిలో ఐజీజీ4 జబ్బును ముందే గుర్తిస్తే చాలాసార్లు స్టెరాయిడ్ మాత్రలతోనే నాళం తెరుచుకుంటుంది. ఈ ఒక్క కారణానికే రక్తపరీక్ష అడగడం వృథా కాదు.

పసిరికలు వచ్చాయని పసరు తాగేముందు

కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు పసుపుగా రావడం, మలం తెల్లబారడం, రాత్రిళ్లు నిద్రపట్టని దురద. ఈ నాలుగూ కలిసి వస్తే కాలేయంలో పుట్టిన పిత్తరసానికి కిందికి దిగే దారి లేదని అర్థం. దురద, తెల్లటి మలం ఈ రకం కామెర్లలో మరీ స్పష్టంగా ఉంటాయి. ఊళ్లో పసరు మందు తాగి, చేతికి సురకలు పెట్టించుకుని, ఉప్పూ నూనే మానేసి పథ్యం ఉంటే వైరస్ కామెర్లు తగ్గినట్టు కనిపిస్తాయి. ఎందుకంటే అవి చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. మూసుకున్న నాళం మాత్రం దానంతటది తెరుచుకోదు. నెలల తరబడి అలాగే వదిలేస్తే కాలేయం గట్టిపడి సిరోసిస్‌కు దారితీస్తుంది.

చలితో వణికించే జ్వరం, కుడి డొక్కలో నొప్పి, కామెర్లు మూడూ కలిస్తే అది కొలాంజైటిస్. నిలిచిపోయిన పిత్తంలో బ్యాక్టీరియా పెరిగి రక్తంలోకి ఎక్కుతోందన్నమాట. దీనికి తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించే సదుపాయం ఉన్న దవాఖానకు వెళ్లాలి. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకుంటే జ్వరం ఒక పూట అణగొచ్చు. ఆ పూటలోనే బీపీ పడిపోయి కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లున్నారు.

ముందు తేల్చాల్సింది: ఇది కాన్సర్ కాదని

లివర్ ఫంక్షన్ టెస్టులో బిలిరుబిన్‌లో (కామెర్ల పసుపు పదార్థంలో) డైరెక్ట్ భాగం ఎక్కువగా ఉండి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ అనే ఎంజైములు బాగా పెరిగి ఉంటే అడ్డంకి అనుమానించాలి. అల్ట్రాసౌండ్‌లో కాలేయం లోపలి నాళాలు ఉబ్బి కనిపిస్తాయి. కానీ అడ్డంకి ఎక్కడుందో, ఎంత పొడవుందో అల్ట్రాసౌండ్ కచ్చితంగా చెప్పలేదు. దానికి ఎంఆర్‌సీపీ కావాలి. ఇది ఎంఆర్ఐ మెషీన్‌లోనే తీసే నాళాల పటం. నాలుగు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. ఈఆర్‌సీపీకి ముందు ఎంఆర్‌సీపీ తీయించడం మీద మేం గట్టిగా పట్టుబడతాం. పటం లేకుండా లోపలికి వెళ్తే మూసుకున్న కొమ్మల్లోకి అనవసరంగా కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో నాళం కనిపించేలా చేసే మందు) ఎక్కించాల్సి వస్తుంది. ఎక్కించిన మందు కిందికి దిగకపోతే అక్కడే చీము పడుతుంది.

ఎంఆర్‌సీపీలో చూడాల్సిన ముఖ్యమైన కొలత ఒకటుంది. కాలేయం కుడి, ఎడమ నాళాలు కలిసే కూడలికి స్ట్రిక్చర్ ఎంత దూరంలో ఉందన్నది. బిస్మత్ వర్గీకరణ అంతా ఈ కొలత మీదే నడుస్తుంది. కూడలికి 2 సెం.మీ. కన్నా కింద ఉంటే మొదటి రకం, 2 సెం.మీ. లోపు ఉంటే రెండోది, కూడలి దాకా పాకి కూడలి మాత్రం తెరిచే ఉంటే మూడోది, కూడలే చెడిపోయి కుడిఎడమలు విడిపోతే నాలుగోది. కుడివైపు విడిగా వచ్చే కొమ్మకు దెబ్బ తగిలితే ఐదోది. కింద ఉన్న కొద్దీ ఎండోస్కోపీకి సులువు. నాళం పూర్తిగా తెగి రెండు ముక్కలైతే, మధ్యలో వైరు దాటే దారే లేకపోతే, మామూలు ఈఆర్‌సీపీతో పని కాదు. అక్కడ సర్జన్ అవసరం. పేగును పైకి తెచ్చి నాళానికి కలిపే ఆపరేషన్, అంటే హెపాటికోజెజునోస్టమీ, చేయాలి.

కాన్సర్ అనుమానం ఎప్పుడు పెట్టుకోవాలి? ఆపరేషన్ చరిత్ర లేదు, వయసు పైబడింది, బరువు వేగంగా తగ్గుతోంది, షుగర్ కొత్తగా వచ్చింది, సీటీలో గడ్డ ఉంది అంటే. సీఏ 19-9 అనే రక్తపరీక్ష ఒక్కదాన్ని నమ్మడానికి లేదు. నాళం మూసుకుని ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది. అడ్డంకి తీశాక మళ్లీ చేయించి పోల్చుకోవాలి. ఈఆర్‌సీపీలో బ్రష్‌తో కణాలు గీకి తీస్తారు. బ్రష్‌లో కాన్సర్ కణాలు కనిపిస్తే నమ్మొచ్చు, కనిపించకపోతే మాత్రం లేదని నమ్మడానికి వీల్లేదు. అనుమానం తీరనప్పుడు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో గానీ, నాళంలోకే సన్న కెమెరా పంపే కొలాంజియోస్కోపీతో గానీ ముక్క తీయాలి. "స్టెంట్ వేశాం కదా, చూద్దాం" అని ఆరునెలలు గడిపితే ఆపరేషన్‌కు అందే కాన్సర్ అందకుండా పోతుంది.

ఎక్కడికి, ఏ కాగితాలతో

ఈఆర్‌సీపీకి సైడ్ వ్యూయింగ్ డ్యుయోడినోస్కోప్ (పక్కకు చూసే ఎండోస్కోప్), సీ-ఆర్మ్ అనే తిప్పగలిగే ఎక్స్‌రే, మత్తు డాక్టర్, అవసరపడితే ఐసీయూ ఉండాలి. వరంగల్‌లో ఎంజీఎం, కాకతీయ మెడికల్ కాలేజీ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్, హనుమకొండలోని ప్రైవేటు గ్యాస్ట్రో సెంటర్లలో ఎక్కడికి వెళ్లినా రెండు ప్రశ్నలు అడగండి. ఇక్కడ ఈఆర్‌సీపీ ఏ రోజుల్లో చేస్తారు? స్ట్రిక్చర్‌కు ఒకటికి మించి స్టెంట్లు వేసే ఏర్పాటు ఉందా? రాయి తీయడం వచ్చినవాళ్లంతా స్ట్రిక్చర్ చేయలేరు. కూడలి దగ్గరున్న స్ట్రిక్చర్లు, కాలేయ మార్పిడి తర్వాతివి అయితే హైదరాబాద్ వెళ్లడమే మంచిది. నిమ్స్, ఉస్మానియా, ఏఐజీ లాంటి చోట్ల గ్యాస్ట్రో డాక్టర్, సర్జన్, చర్మం గుండా నాళంలోకి గొట్టం వేసే రేడియాలజిస్ట్ ఒకే కప్పు కింద ఉంటారు. ఇలాంటి కేసులో ముగ్గురి అవసరమూ పడొచ్చు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలులో సుమారు రెండు గంటలే.

ఆరోగ్యశ్రీ కింద 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల పరిమితి ఉంది. కౌంటర్‌లో ఆరోగ్యమిత్రను ముందే మూడు విషయాలు అడగాలి. ఈ ప్రొసీజర్‌కు అనుమతి వస్తుందా, స్టెంట్ ధర అందులోనే ఉందా, మూడు నెలలకు మార్చడానికి వచ్చినప్పుడు మళ్లీ అనుమతి తెచ్చుకోవాలా. మొదటిసారి ఉచితంగా అయ్యి, రెండోసారికి డబ్బు సర్దుబాటు కాక ఆగిపోవడం చాలామంది తారీఖు తప్పడానికి అసలు కారణం.

తీసుకెళ్లాల్సినవి: పిత్తాశయం ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జి సమ్మరీ, ఎంఆర్‌సీపీ సీడీ, పాత లివర్ పరీక్షలన్నీ తేదీల వరుసలో. ఎంఆర్‌సీపీ రిపోర్టు కాగితం ఒక్కటే ఉంటే చాలదు, బొమ్మలు కావాలి. ఆపరేషన్ నోట్స్ ఇవ్వడానికి దవాఖాన తటపటాయిస్తే రాతపూర్వకంగా అడగండి, అది రోగి హక్కు.

ప్రొసీజర్‌కు ముందు వారం

రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా 5 నుంచి 7 రోజులు, వార్ఫరిన్‌ను 5 రోజులు ముందు ఆపిస్తారు. గుండె డాక్టర్ ఒప్పుకున్నాకే ఆపాలి, ఇటీవల గుండెలో స్టెంట్ వేసినవాళ్లు సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఆస్పిరిన్ చాలావరకు ఆపక్కర్లేదు. పిత్తం పేగులోకి దిగకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టే సమయం పెరుగుతుంది. అందుకే పీటీ-ఐఎన్‌ఆర్ చూస్తారు. అది 1.5 దాటితే విటమిన్ కె ఇంజక్షన్ ఇచ్చి సరిచేశాకే, స్కోప్ గుండా నాళం మూతి దగ్గర పెట్టే చిన్న కోతకు దిగుతారు. ప్లేట్‌లెట్లు 50,000కు పైన ఉండాలి.

ముందురోజు రాత్రి తేలికగా తిని, తర్వాత ఘనాహారం కనీసం 6 గంటలు, నీళ్లు 2 గంటలు ఆపాలి. షుగర్ మాత్ర ఆ పొద్దున వేసుకోకూడదు, ఇన్సులిన్ ఎంత తగ్గించాలో డాక్టర్‌ను అడగాలి. బీపీ మాత్రను ఒక గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చా అన్నది మత్తు డాక్టర్ చెప్తారు. గర్భం ఉండే అవకాశముంటే తప్పక చెప్పాలి, గదిలో ఎక్స్‌రే నడుస్తుంది. కట్టుడు పళ్లు, మెడలో గొలుసులు ఇంట్లోవాళ్లకు ఇచ్చెయ్యాలి. మత్తు ఇస్తారు కాబట్టి తోడు ఒకరు రావాలి, ఆ రోజంతా బండి నడపకూడదు.

గదిలో ఏం జరుగుతుంది

రోగిని బోర్లా గానీ ఎడమవైపుకు తిప్పి గానీ పడుకోబెడతారు. ప్రొపోఫాల్‌తో నిద్రపుచ్చుతారు. మొదలుపెట్టేముందే మలద్వారంలో 100 మిల్లీగ్రాముల డైక్లోఫినాక్ లేదా ఇండోమెథాసిన్ పెట్టాలి. ఈఆర్‌సీపీ తర్వాత వచ్చే క్లోమం వాపును తగ్గించడానికి ఇంత చవకైన, ఇంత సులువైన ఉపాయం మరొకటి లేదు. కిడ్నీ సమస్య, ఈ మందు పడకపోవడం ఉంటే మినహాయింపు. హడావిడిలో చాలాచోట్ల మర్చిపోయేది ఇదే, చెక్‌లిస్ట్‌లో మొదటి వరుసలో రాసుకోవాలి.

స్కోప్ కడుపు దాటి చిన్నపేగు రెండో భాగానికి చేరాక పక్కకు చూసే లెన్స్‌లో పాపిల్లా కనిపిస్తుంది. పిత్తనాళం, క్లోమనాళం తెరుచుకునే చిన్న బుడిపె అది. స్పింక్టరోటోమ్ (కొసన కోసే తీగ ఉన్న సన్నని గొట్టం) లోంచి వైరును ముందుకు పంపి పిత్తనాళం దిశలో పైకి దారి పట్టించాలి. ఐదు నిమిషాలు దాటినా, పాపిల్లాను ఐదుసార్లకు మించి తాకినా, వైరు ఒకసారికి మించి క్లోమనాళంలోకి పోయినా దాన్ని కష్టమైన కాన్యులేషన్‌గా (నాళంలోకి దూరడంగా) లెక్కించి అక్కడితో పద్ధతి మార్చాలి. పట్టుదలతో అదే పొడుపు పొడుస్తూ పోతే పాపిల్లా ఉబ్బి, క్లోమం వాపు ఖాయమవుతుంది. క్లోమంలోకి పదేపదే వైరు పోయిన రోగికి అక్కడ 5 ఫ్రెంచ్ (సుమారు 1.7 మి.మీ.) మందం చిన్న స్టెంట్ ఒకటి వదలడం రక్షణ.

లోపలికి వెళ్లాక ముందు పిత్తం కొంత లాగి బయటకు తీయాలి, జ్వరం ఉన్నవాళ్లది ఏ బ్యాక్టీరియా ఉందో చూసే కల్చర్ పరీక్షకు పంపాలి. ఆ తర్వాతే కాంట్రాస్ట్ మందు కొద్దికొద్దిగా ఎక్కించాలి. పిత్తం లాగకుండా ఒత్తి ఎక్కిస్తే లోపలి బ్యాక్టీరియా రక్తంలోకి తోసుకుపోతుంది.

ఇప్పుడు అసలు పని. సన్నబడ్డచోటును వైరు దాటాలి. కొస మెత్తగా, నీటికి జారేలా పూతవేసిన 0.035 లేదా 0.025 అంగుళాల వైరు వాడతారు. మరీ ఇరుకైతే 0.018. వైరును తోయకూడదు, కొసను తిప్పుతూ దారి వెతికించాలి. నాళం వంకర తిరిగి ఉంటే స్ట్రిక్చర్‌కు కాస్త కింద రాళ్లు తీసే బెలూన్ ఉబ్బించి మెల్లగా కిందికి లాగితే వంకర తీరి వైరుకు దారి దొరుకుతుంది. ఆపరేషన్ తర్వాతి స్ట్రిక్చర్లు చాలావరకు నాళం మధ్యలో కాక ఒక అంచున తెరుచుకుని ఉంటాయి. ఎక్స్‌రేను ఒక కోణంలోంచే చూస్తే ఆ సందు దొరకదు, సీ-ఆర్మ్ తిప్పి చూడాలి.

వైరు దాటాక దాని మీదుగా బెలూన్. మొదటిసారి 4 లేదా 6 మి.మీ., తర్వాతి సార్లలో 8, 10 మి.మీ. స్ట్రిక్చర్‌కు కింద మామూలుగా ఉన్న నాళం వెడల్పు కన్నా పెద్ద బెలూన్ వాడకూడదు, నాళం చిరుగుతుంది. పలచబరిచిన కాంట్రాస్ట్‌తో బెలూన్‌ను, దాని మీద రాసిన ప్రెషర్ దాటకుండా నింపి 30 నుంచి 60 సెకన్లు ఉంచుతారు. తెర మీద బెలూన్ మధ్యలో నడుము నొక్కినట్టు కనిపిస్తుంది. ఆ నడుము పోతే స్ట్రిక్చర్ సాగినట్టు. పోకపోతే ఆ రోజుకు బలవంతం చేయొద్దు, స్టెంట్ వేసి మూడునెలలకు మళ్లీ చూడొచ్చు. ఆపరేషన్ అయ్యి నాలుగు వారాలు కూడా దాటనివాళ్లలో గట్టిగా సాగదీస్తే కుట్టు ఊడి పిత్తం కారుతుంది. వాళ్లకు స్టెంట్ ఒక్కటే చాలు.

బెలూన్‌తో సాగదీసి వదిలేస్తే చాలామందికి మళ్లీ ముడుచుకుంటుంది. మచ్చ మెత్తబడి కొత్త ఆకారానికి రావాలంటే నెలల తరబడి లోపల ఏదో ఒకటి పట్టి ఉంచాలి. స్టెంట్ చేసేది ఆ పనే.

ప్లాస్టిక్ స్టెంట్లా, లోహపు స్టెంటా

ప్లాస్టిక్ స్టెంట్ 10 ఫ్రెంచ్ మందం, అంటే 3.3 మి.మీ. స్కోప్ దారి 4.2 మి.మీ. కాబట్టి ఒకటి తర్వాత ఒకటి పంపాలి. పొడవు సరిగ్గా కొలవాలి. కొలిచేందుకు కాథెటర్ (సన్నని గొట్టం) కొసను స్ట్రిక్చర్ పైన నిలిపి, అక్కడి నుంచి పాపిల్లా దాకా వెనక్కి లాగుతూ స్కోప్ బయట ఎంత వచ్చిందో చూస్తే చాలు. స్టెంట్ పై కొస స్ట్రిక్చర్ దాటి 1 నుంచి 2 సెం.మీ. పైన, కింది కొస పాపిల్లా బయట సుమారు 1 సెం.మీ. ఉండాలి. మరీ పొడవుంటే ఎదురుగా ఉన్న పేగు గోడను గుచ్చుతుంది. రెండోది వేసేటప్పుడు రాపిడికి మొదటిది పైకి జారిపోతుంటుంది. అందుకే మొదటి స్టెంట్ కింది కొసను బయట కాస్త ఎక్కువ వదిలి మొదలుపెట్టాలి.

ఒక్క ప్లాస్టిక్ స్టెంట్‌తో స్ట్రిక్చర్ నయం కాదు. ప్రతి మూడు నెలలకు పాతవి తీసి, సాగదీసి, నాళంలో పట్టినన్ని ఎక్కువ స్టెంట్లు పక్కపక్కన వేయాలి. మొదట ఒకటి రెండు, తర్వాత మూడు, వీలైతే నాలుగు. రోమ్‌లో గైడో కోస్టమాగ్నా బృందం పిత్తాశయం ఆపరేషన్ వంటి వాటి తర్వాతి స్ట్రిక్చర్లకు ఈ పద్ధతిని 2001లో ప్రచురించింది. ఆ రోగులను సగటున 13 ఏళ్లకు పైగా గమనిస్తే పదిమందిలో సుమారు ఒకరికే మళ్లీ సన్నబడింది, వాళ్లకూ మళ్లీ ఎండోస్కోపీతోనే సరిచేయగలిగారు.

లోహపు స్టెంట్ నిటినాల్ అనే మిశ్రమలోహపు వలతో చేసింది. మడిచి సన్నని గొట్టంలో పెట్టి పంపుతారు. వదిలాక ఒంటి వేడికి రెండు మూడు రోజుల్లో పూర్తిగా విచ్చుకుని 8 లేదా 10 మి.మీ. వెడల్పుకు వస్తుంది. కాన్సర్ కాని జబ్బులో మొత్తం పూత ఉన్న రకమే వాడాలి. పూత లేని వలలోంచి నాళం కండ పెరిగి అల్లుకుంటుంది, తర్వాత దాన్ని ఎండోస్కోపీతో తీయడం దాదాపు అసాధ్యం. బతకాల్సిన నలభై ఏళ్ల మనిషికి పూతలేని స్టెంట్ వేస్తే ఆ తప్పు జీవితాంతం వెంటాడుతుంది. కాబట్టి స్టెంట్ వేసేముందే "మొత్తం పూత ఉన్నదేనా, తీయగలిగేదేనా" అని అడగండి. అడిగితే డాక్టర్‌కు కోపం రాదు.

లోహపుదాని ధర ఎక్కువ, రావాల్సిన సార్లు తక్కువ. 2016లో అమెరికాలో 112 మంది మీద చేసిన పరిశోధనలో ఏడాదిలోగా నాళం తెరుచుకున్నది పలు ప్లాస్టిక్ స్టెంట్లతో 85 శాతం, లోహపు స్టెంట్‌తో 93 శాతం. ఈఆర్‌సీపీలు సగటున 3.2, 2.1. దూరం నుంచి వచ్చే రోగికి ఆ ఒక్క ప్రయాణం తగ్గడం చిన్న విషయం కాదు. అయినా అందరికీ పనికిరాదు. కూడలికి 2 సెం.మీ. లోపు ఉన్న స్ట్రిక్చర్‌లో వేస్తే పూత పక్క కొమ్మలను మూసేస్తుంది, అక్కడ ప్లాస్టిక్‌వే వేయాలి. పిత్తాశయం ఇంకా ఉన్నవాళ్లలో దాని మూతిని మూసి వాపు తెప్పించొచ్చు. నాళం 6 మి.మీ. కన్నా సన్నగా ఉన్నా కుదరదు. పాంక్రియాటైటిస్ వల్ల వచ్చిన స్ట్రిక్చర్ గట్టిగా, రాళ్లతో ఉంటుంది, దానికి లోహపుదే మేలు. దాన్ని 10 నుంచి 12 నెలలు ఉంచుతారు. ఆపరేషన్ తర్వాతి వాటికి సుమారు ఆరునెలలు.

ఇంటికెళ్లాక: మొదటి వారం, ఆ తర్వాత ఏడాది

మొదటి 24 గంటల్లో చూసుకోవాల్సింది కడుపునొప్పి. గ్యాస్‌తో ఉబ్బరం కొన్ని గంటలు ఉంటుంది. పైకడుపులో గట్టిగా, వీపులోకి లాగే నొప్పి, వాంతులు వస్తే క్లోమం వాపేమో చూడాలి. అమైలేజ్ లేదా లైపేజ్ మామూలుకు మూడురెట్లు దాటితే అదే. ఇది నూరుమందిలో మూడు నుంచి పదిమందికి వస్తుంది, చాలావరకు సెలైన్‌తో, కొన్ని రోజుల విశ్రాంతితో తగ్గుతుంది. నాళం మూతి దగ్గర కోసినచోట రక్తస్రావం ఆ రోజే కాక వారం పదిరోజుల దాకా రావొచ్చు, మలం నల్లగా తారులా వస్తే అదే. పేగుకు రంధ్రం పడటం నూటికి ఒకరి కన్నా తక్కువే. కడుపు గట్టిపడి, నొప్పి ఎక్కువవుతూ పోతే తక్షణం సీటీ తీయించాలి.

నొప్పి లేకపోతే ఆ సాయంత్రం నీళ్లు, గంజి, మరుసటి రోజు మామూలు అన్నం. స్టెంట్ ఉన్నందుకు ప్రత్యేక పథ్యం ఏమీ లేదు. పప్పు, కూర, గుడ్డు తినొచ్చు. కామెర్ల రోగికి నెయ్యి, గుడ్డు పెట్టకూడదని ఇంట్లోవాళ్లు ఆపేస్తే కండ కరిగి నీరసపడతారు. కల్లు, సారా, బీరు పాంక్రియాటైటిస్ రోగికి పూర్తిగా బంద్.

ఈఆర్‌సీపీ రిపోర్టులో ఇవి రాసున్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి: ఎన్ని స్టెంట్లు, ఏ రకం, ఎంత మందం, ఎంత పొడవు, ఏ తేదీన వేశారు, ఏ తేదీకల్లా తీయాలి. "స్టెంటింగ్ డన్" అని ఒక్కముక్క రాసిచ్చిన రిపోర్టుతో ఇంకో దవాఖానకు వెళ్తే లోపల రెండున్నాయో మూడున్నాయో తెలియదు. రిపోర్టు ఫోటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి, తారీఖు ఫోన్‌లో అలారంగా పెట్టాలి. ఊళ్లో ఆశా కార్యకర్తకు కూడా చెప్పి పెడితే ఆమె గుర్తుచేస్తుంది.

ప్లాస్టిక్ స్టెంట్ లోపల పిత్తపు జిగురు, బ్యాక్టీరియా పేరుకుని మూడు నెలలకు అటూఇటుగా మూసుకుంటుంది. మూసుకున్న స్టెంట్ కన్నా అసలు స్టెంట్ లేకపోవడమే నయమనిపించేంత తీవ్రంగా ఇన్‌ఫెక్షన్ వస్తుంది. పత్తి ఏరేరోజులు, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే రోజులు, మేడారం జాతర, ఇంట్లో పెళ్లి, ఏదొచ్చినా తారీఖును ముందుకు జరుపుకోండి, వెనక్కి జరపకండి. పదో వారంలో మార్చినా నష్టం లేదు, పద్దెనిమిదో వారం ప్రమాదం.

నెలకోసారి లివర్ పరీక్ష చేయించండి. బిలిరుబిన్ పెరగకముందే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగడం మొదలవుతుంది. రెండు రిపోర్టుల్లో అది వరుసగా పెరిగితే కళ్లు పచ్చబడేదాకా ఆగకుండా తారీఖు ముందుకు తెచ్చుకోవాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, వణుకు, మూత్రం ముదరడం, దురద తిరిగిరావడం, వీటిలో ఏది కనిపించినా అదేరోజు దవాఖాన. కౌంటర్‌లో మొదటి మాటే "పిత్తనాళంలో స్టెంట్ ఉంది" అని చెప్పండి. మలేరియా, టైఫాయిడ్ పరీక్షలతో రెండురోజులు పోకుండా ఉంటుంది.

స్టెంట్ కొన్నిసార్లు కిందికి జారి మలంలో పోతుంది, లోహపువి ఎక్కువగా జారుతాయి. కామెర్లు లేకపోతే కంగారక్కర్లేదు, కానీ స్టెంట్ లేదన్న విషయం ఎక్స్‌రేలో నిర్ధారించుకుని డాక్టర్‌కు చెప్పాలి. పైకి జారిపోయిందైతే తీయడానికి మళ్లీ ఈఆర్‌సీపీ చేయాల్సిందే. ఏళ్ల తరబడి మర్చిపోయిన స్టెంట్ చుట్టూ రాయి కట్టి, ముట్టుకుంటే విరిగిపోయే స్థితికి వస్తుంది. దాన్ని తీయడం వేయడం కన్నా ఎన్నో రెట్లు కష్టం.

ఆపేది ఎప్పుడు

స్టెంట్లన్నీ తీశాక నాళంలో మందు ఎక్కించి చూస్తారు. నడుము కనిపించకూడదు, రాళ్లు తీసే బెలూన్ స్ట్రిక్చర్ ఉన్నచోట పట్టకుండా జారి రావాలి, ఎక్కించిన మందు కొన్ని నిమిషాల్లోనే పేగులోకి దిగిపోవాలి. ఈ మూడూ ఉంటే స్టెంట్లు మళ్లీ వేయరు. ఆ తర్వాత మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది నుంచి ఆరునెలలకోసారి లివర్ పరీక్ష, అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్. మళ్లీ సన్నబడేవాళ్లలో ఎక్కువమందికి మొదటి రెండేళ్లలోనే బయటపడుతుంది.

ఏడాది పాటు తారీఖులు తప్పకుండా స్టెంట్లు మార్చినా నాళం తెరుచుకోకపోతే ఆపరేషన్ గురించి కూర్చుని మాట్లాడాలి. ఇంకో ఏడాది, ఇంకో ఏడాది అంటూ స్టెంట్లతో నెట్టుకురావడం కాలేయానికి మంచిది కాదు. హెపాటికోజెజునోస్టమీని పిత్తనాళాల ఆపరేషన్లు తరచూ చేసే చోటే చేయించాలి, ఎందుకంటే మొదటి మరమ్మతు చెడితే రెండోది ఇంకా పైన, ఇంకా సన్నని నాళం మీద చేయాల్సి వస్తుంది. ఆపరేషన్ తర్వాత పేగు దారి మారిపోతుంది కాబట్టి మామూలు డ్యుయోడినోస్కోప్ అక్కడికి చేరదు. కుట్టినచోట మళ్లీ సన్నబడితే కుడి డొక్క నుంచి చర్మం గుండా కాలేయంలోకి సూది పంపి సాగదీస్తారు, లేదా పొడవాటి బెలూన్ ఎంటెరోస్కోప్ వాడతారు. అందుకే ఆ ఆపరేషన్ కాగితం కూడా పాత ఫైల్‌లోనే, ఈఆర్‌సీపీ రిపోర్టుల పక్కనే ఉంచుకోవాలి.